ఇచ్చేటప్పుడే చెప్పాల్సిన మాట

పెద్దోడు పొద్దుటి నుంచీ ఒకటే అడుగుతున్నాడు. "తాతయ్యా, నేను రాసిన ప్రోగ్రాం లోకానికి వదిలేద్దామనుకుంటున్నా. దానికి ఏ లైసెన్సు పెట్టమంటావు?" అని. పగలంతా మిరపకాయలు తిరగబోసే పనిలో పడి చెప్పలేకపోయా. రాత్రికి ఎటూ కల్లం కాపలా ఉంది, తెల్లవార్లూ మేలుకోవాల్సిందే. ఆ పత్తి కట్టె మంటలోకి ఇంకాస్త ఎగదోసి అందరూ దగ్గరికి జరగండి. జీపీఎల్ పెట్టరా అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అట్టా చెబితే ఎందుకో మీకు తెలియదు. ఎందుకో తెలియాలంటే చీరాల ప్రెస్సు కాడికి పోవాలి.

నేను ఆ ప్రెస్సులో చేరేనాటికి మన పర్చూరు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది. 1970లో ఒంగోలు జిల్లా పెట్టి మనల్ని అందులో కలిపారు. తర్వాత దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మొన్న 2022లో బాపట్ల జిల్లా అయ్యాం. ప్రెస్సులో చేరినప్పుడు నాకు మీసం కూడా సరిగా రాలేదు. పొద్దున్నే బస్సెక్కి చీరాల పోయేది, రాత్రి చివరి బస్సుకి తిరిగొచ్చేది.

సీసపు అక్షరాలతో పని. వాలుగా నిలబెట్టిన కేసుల నిండా గళ్ళు, గడికో అక్షరం. తెలుగుకి ఇంగ్లీషులాగా ఇరవయ్యారుతో తీరదు గదా. తలకట్లు, గుళ్ళు, కొమ్ములు, ఒత్తులు అన్నీ వేరే వేరే ముక్కలు. ఎడం చేతిలో కంపోజింగ్ స్టిక్ పట్టుకుని, కుడి చేత్తో గడిలోంచి అక్షరం తీసి, ఎదురు తిరిగి కనపడే దాన్ని చదువుకుంటూ పేర్చాలి. అచ్చయ్యాక మళ్ళీ ఏ గడి అక్షరం ఆ గడిలో వేయాలి. కొత్తవాళ్ళకి ముందు నేర్పేది పేర్చడం కాదు, ఆ తిరిగి వేయడమే. అది నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

మాఘమాసం వచ్చిందంటే శుభలేఖలు గుట్టలుగా వచ్చిపడేవి. అన్నిట్లోనూ పైన 'శ్రీ' కావాలి. ఏ ప్రెస్సులోనూ 'శ్రీ'లు చాలేవి కావు. పక్క ప్రెస్సు కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి మా కేసులోంచి నాలుగు పట్టుకుపోయేవాడు. మాకు చాలనప్పుడు నేను పోయి వాళ్ళవి తెచ్చేవాణ్ణి. పని కాగానే సిరా కడిగి తిరిగి ఇవ్వాలి. ఒకటి విరిగితే మద్రాసు ఫౌండ్రీ నుంచి కొత్తది తెప్పించి ఇవ్వాలి. ఎవరూ కాగితం రాసుకోలేదు, సంతకాలు పెట్టలేదు. చీరాల ప్రెస్సులన్నీ ఆ పద్ధతి మీదే బతికాయి. కొనుక్కున్న అక్షరం మనది, దాన్ని ఎవరికి ఇవ్వాలన్నది మన ఇష్టం. దానికి ఎవరూ అడ్డం వచ్చేవాళ్ళు కాదు.

1990ల్లో కంప్యూటర్లొచ్చాయి. మా ఓనరు అప్పు చేసి కంప్యూటరూ, లేజర్ ప్రింటరూ, తెలుగు సాఫ్ట్‌వేరూ కొన్నాడు. సీసం కేసులన్నీ కిలోల లెక్కన అమ్మేశాం. సాఫ్ట్‌వేరుతో పాటు బొటనవేలంత డబ్బా ఒకటి ఇచ్చారు, డాంగిల్ అనేవాళ్ళు. కంప్యూటర్ వెనక అది గుచ్చి ఉంటేనే తెలుగు టైపవుతుంది, పీకితే లేదు. ఓనరు రాత్రి ఇంటికి పోయేటప్పుడు దాన్ని జేబులో వేసుకుని పోయేవాడు. పక్క ప్రెస్సుకి 'శ్రీ' ఇచ్చే రోజులు అక్కడితో అయిపోయాయి. ఇద్దామన్నా ఇవ్వలేం, ఇస్తే నేరం.

అంతకంటే పెద్ద చిక్కు లోపల ఉంది, అది మాకు పదేళ్ళకి గానీ తెలియలేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత చోటు లేదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఏది ఎక్కడో కంపెనీకొక లెక్క. కంప్యూటర్‌కి అది తెలుగని తెలియనే తెలియదు. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులా కనపడుతుంది, ఫాంటు తీసేస్తే పిచ్చి ఇంగ్లీషు గీతలు. మాది ఏ కంపెనీదో పేరెందుకుగానీ, కొత్త విండోస్ రాగానే పాత సాఫ్ట్‌వేరు నడవలేదు. కొత్తది కొనమన్నారు. కొన్నాం. కొత్తదాంట్లో స్థానాలు మార్చేశారు. పాత ఫైళ్ళు తెరిస్తే సగం ఒత్తులు ఎగిరిపోయి ఉన్నాయి. స్కూళ్ళ వార్షికోత్సవ సంచికలు, హరికథ పుస్తకాలు, రైతు సంఘం కరపత్రాలు, ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆశగా అచ్చేయించుకున్న కవితా సంపుటాలు, అన్నీ ఆ ఫ్లాపీల్లో ఉన్నాయి. మేం చేతులారా కూర్చిన మాటలే, మాకే అక్కరకి రాకుండా పోయాయి. స్థానాల పట్టిక ఒక్కటి ఇవ్వండి, మేమే సరిచేసుకుంటాం అని ఫోను చేసి అడిగా. అది వ్యాపార రహస్యమన్నారు.

అప్పటికే తెలుగుకి లోకంలో ఒక సొంత చోటు ఏర్పడింది, మాకు కబురు అందలేదంతే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక మామూలు కంప్యూటర్లలో ఆ తెలుగు కనపడసాగింది. మా వాడు రాసిన ప్రోగ్రాం చేసే పని ఇదే. మా పాత ఫైళ్ళలోని గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మారుస్తుంది. ఏ గీత ఏ ఒత్తో చెప్పే పట్టికని నేనూ, నాతో పనిచేసిన ఇంకో ఇద్దరు కంపోజిటర్లూ కూర్చుని తయారుచేశాం. కంపెనీ ఇవ్వని దాన్ని పాత అచ్చు ప్రతులు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం పోల్చి రాశాం.

ఇప్పుడు మీకు అమెరికా కథ ఒకటి చెప్పాలి. పెద్దోడే నాకు చెప్పాడు, కానీ ప్రెస్సువాణ్ణి గనక నాకు వాడికంటే బాగా పట్టుకుంది.

ఎంఐటీ అనే పెద్ద చదువుల చోట రిచర్డ్ స్టాల్‌మన్ అని ఒకాయన పనిచేసేవాడు. 1980 ప్రాంతాల్లో వాళ్ళ ల్యాబుకి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. దాంట్లో మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. ప్రింటర్ ఒక అంతస్తులో, మనుషులు ఇంకో అంతస్తులో. పాత ప్రింటర్‌కి ఆయన ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసి పెట్టుకున్నాడు. కాగితం ఇరుక్కోగానే ప్రింటు కోసం ఎదురుచూసే వాళ్ళ కంప్యూటర్లకి కబురు పోయేది, ఎవరో ఒకరు పోయి లాగేసేవాళ్ళు. కొత్తదానికీ అట్టాగే చేద్దామంటే ప్రోగ్రాం మూలం, మా వాడి భాషలో సోర్స్ కోడ్, కంపెనీ ఇవ్వలేదు. అది ఇంకో యూనివర్సిటీలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి పోయి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానని ఆయన మొహం మీదే చెప్పాడు. వ్యాపార రహస్యమని నేను ఫోనులో విన్న మాటే గుర్తొచ్చింది. ఇరుక్కున్న కాగితం లాగడమెట్టాగో తెలిసినవాడు, లాగనిస్తే చాలు ఉచితంగా లాగేస్తానంటుంటే, వద్దు అనడం.

ఆయన 1983లో గ్నూ అని పేరు పెట్టి, ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల కంప్యూటర్ వ్యవస్థ మొత్తం రాస్తానని ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. మొదట్లోనే ఆయనకి ఇంకో దెబ్బ తగిలింది, లైసెన్సు సంగతికి అసలు మూలం అక్కడుంది. ఈమాక్స్ అని రాతకోతల ప్రోగ్రాం ఒకటుంది. జేమ్స్ గోస్లింగ్ అనే ఆయన దాన్ని కొత్త పద్ధతిలో రాసి మొదట ఊరికే పంచాడు. స్టాల్‌మన్ అందులో కొంత తన దాంట్లో వాడుకున్నాడు. తర్వాత గోస్లింగ్ దాన్ని ఒక కంపెనీకి అమ్మేశాడు. కంపెనీ వచ్చి, మా కోడ్ వాడకూడదంది. ఉచితంగా పంచిందే గదా అంటే, ఆ మాట ఎక్కడా రాసిపెట్టి లేదు. స్టాల్‌మన్ ఆ భాగం మొత్తం తీసేసి మళ్ళీ రాసుకోవాల్సొచ్చింది.

ఇచ్చినవాడి మనసు మారొచ్చు, తీసుకున్నవాడి బుద్ధి మారొచ్చు, చేతులు మారి మూడోవాడి దగ్గరికి పోవచ్చు. అందుకని ఇచ్చేటప్పుడే రాసిపెట్టాలనుకున్నాడాయన. 1989లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు, జీపీఎల్, మొదటి కూర్పు అట్టా వచ్చింది. రెండోది 1991లో, మూడోది 2007లో. చెప్పేది పెద్ద కష్టమైనది కాదు. దీన్ని ఎందుకైనా వాడుకో. లోపల చూసుకో. మార్చుకో. పంచుకో. కానీ నువ్వు పంచేటప్పుడు, మార్చి పంచినా సరే, తీసుకునేవాడికి కూడా ఇవే హక్కులు ఇవ్వాలి, సోర్స్ కోడ్ ఇవ్వాలి. ఈ షరతునే కాపీలెఫ్ట్ అంటారు.

ఇక్కడ చాలామందికి ఒక సంగతి తెలియదు, మా వాడికీ తెలియదు మొన్నటిదాకా. ఏ లైసెన్సూ పెట్టకుండా కోడ్ బయట పడేస్తే అది అందరిదీ అయిపోతుందనుకుంటారు. అవ్వదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాం కూడా దాని కింద సాహిత్య రచన లెక్కే. రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాడిది, బతికున్నంత కాలమూ, పోయాక ఇంకో 60 ఏళ్ళూ. లైసెన్సు లేకపోతే ఇంకొకడు దాన్ని కాపీ చేయడానికి చట్ట ప్రకారం వీల్లేదు. మంచి మనసుతో పడేసిన కోడ్‌ని భయపడేవాడు ముట్టుకోడు, భయపడనివాడు ఎత్తుకుపోతాడు. జీపీఎల్ తెలివి ఏంటంటే, ఆ కాపీరైట్ హక్కునే పట్టుకుని దాంతోనే తలుపు తెరిచి ఉంచింది. షరతు తప్పితే ఇచ్చిన అనుమతి పోతుంది. అనుమతి పోతే వాడు మామూలు కాపీరైట్ దొంగ.

మా వాడి స్నేహితుడు ఒకడు బెంగళూరులో ఉన్నాడు. ఎంఐటీ లైసెన్సు పెట్టెయ్, చిన్నది, ఎవరికీ తలనొప్పి ఉండదు అన్నాడంట. అదీ ఉచితమే. దాంట్లో అడిగేదల్లా, నా పేరూ ఈ నోటీసూ తీసేయొద్దని. మిగతాదంతా వాడి ఇష్టం. మార్చి, మూసేసి, అమ్ముకోవచ్చు. అది చెడ్డదని నేను అనను. కానీ ఏమవుతుందో మన పొలం మీద పెట్టి చూసుకోండి.

మిరపలో ఎల్‌సీఏ 334 రకం ఉంది గదా, గుంటూరు పక్కన లాం పరిశోధనా స్థానం ఇచ్చింది. కల్లంలో మంచి కాయలు ఏరి గింజ తీసి దాచుకుంటే మళ్ళీ ఏడు అదే మొక్క, అదే కాయ. పక్క రైతుకి దోసెడు ఇచ్చినా అంతే. అట్టాంటి రకాన్ని ఒక కంపెనీ తీసుకుపోయి, ఇంకోదానితో కలిపి హైబ్రిడ్ చేసిందనుకోండి. తల్లి ఏది, తండ్రి ఏది అన్నది రహస్యం. ఆ హైబ్రిడ్ గింజ దాచి వేస్తే మళ్ళీ ఏడు అదే పంట రాదు, కలగాపులగంగా వస్తుంది. ఏటేటా కొనాల్సిందే. పుట్టుక చూస్తే అందరి సొత్తు, చేతికొచ్చేది ప్యాకెట్టు. ఇచ్చేటప్పుడే ఏ షరతూ పెట్టకపోతే, అది తప్పని ఎవరూ అనలేరు. పత్తిలో అయితే ఇంటి గింజ అనే మాటే పోయింది. 2002లో బీటీ పత్తి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ దాకా పోయి పోట్లాడితే 750కి దిగింది. గింజ చేతిలో ఉన్న రోజుల్లో ధర కోసం ఢిల్లీ పోవాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఈ పోలిక నేను అల్లింది కాదు. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు కొందరు 2012లో ఓపెన్ సోర్స్ సీడ్ ఇనీషియేటివ్ అని పెట్టారు. జీపీఎల్ చూసే వాళ్ళకి ఆ ఆలోచన వచ్చింది. విత్తనానికి కూడా అట్టాంటి లైసెన్సు రాద్దామని కూర్చుంటే అది పేజీలకి పేజీలు అయి విత్తనాల ప్యాకెట్ మీద పట్టలేదు. చివరికి రెండు వాక్యాల మాట ఒకటి అచ్చేశారు. ఈ గింజని ఎట్టాగైనా వాడుకో, కానీ దీన్నిగానీ దీంట్లోంచి పుట్టినదాన్నిగానీ ఇంకొకళ్ళు వాడుకోకుండా అడ్డుపెట్టకు, ఇచ్చినప్పుడు ఈ మాట కూడా ఇవ్వు అని. మన హైదరాబాద్‌లో సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్ళు కూడా ఈ దారిలోనే రైతుల విత్తనాల మీద పనిచేస్తున్నారు. మన దేశంలో 2001 నాటి చట్టం రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు అంటుంది. అది మంచి చట్టం. కానీ తర్వాతవాడు మూసేయకుండా ఆపే మాట అందులో లేదు. ఆ మాట కాపీలెఫ్ట్‌లో ఉంది.

అది కాగితం మీద మాటేనా, పనిచేస్తుందా అని మా కోడలు అడిగింది మొన్న. పనిచేసింది. కంప్యూటర్ని నడిపే లినక్స్ అనే ప్రోగ్రాం జీపీఎల్ రెండో కూర్పు కింద ఉంటుంది. 2003లో లింక్‌సిస్ కంపెనీ ఇళ్ళల్లో పెట్టుకునే వైఫై డబ్బా ఒకదాంట్లో లినక్స్ వాడి, సోర్స్ కోడ్ ఇవ్వకుండా అమ్మింది. కనిపెట్టినవాళ్ళు ఊరుకోలేదు, వెంటపడ్డారు. చివరికి కంపెనీ ఆ కోడ్ బయటపెట్టింది. దాని మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అని కొత్త ప్రోగ్రాం పుట్టింది, ఇవాళ లోకమంతా రకరకాల కంపెనీల డబ్బాల్లో నడుస్తోంది. ఆ మరుసటి ఏడు, 2004లో, జర్మనీలో మ్యూనిక్ కోర్టు కూడా జీపీఎల్ షరతు చెల్లుతుందని ఒక కంపెనీ మీద ఉత్తర్వు ఇచ్చింది. లైసెన్సులో ఆ ఒక్క షరతు లేకపోతే ఆ లింక్‌సిస్ డబ్బా మూసే ఉండేది.

మన తెలుగుకీ ఇది కొత్తేం కాదు. సీసం అక్షరాలు పోయాక, డాంగిళ్ళ కాలంలో నాకు మొదట ఊపిరాడింది పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చూశాకే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారని కెనడాలో ఉండే పెద్దాయన తయారుచేసి పంచారు. జీపీఎల్ కింద ఉండబట్టి లినక్స్ పంచేవాళ్ళు వాటిని తమతో పాటు కలుపుకున్నారు. వెన్న నాగార్జున గారు పద్మ అని ఒకటి రాశారు. మా వాడు ఇప్పుడు మా ఫైళ్ళకి చేసినట్టే, అది అప్పట్లో పత్రికల వెబ్‌సైట్లలోని పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. దాన్ని ఆధారం చేసుకుని వీవెన్ గారు 2006లో లేఖిని తెచ్చారు. ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు కొట్టడం ఎంతమంది దాంట్లోనే నేర్చుకున్నారో. పద్మ మూసి ఉంటే లేఖిని అంత తేలిగ్గా పుట్టేది కాదు. ఆ నాగార్జున గారే 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. దాని మీద రాసే ప్రతి వ్యాసమూ, మన పర్చూరు పేజీతో సహా, షేర్ అలైక్ లైసెన్సు కింద ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, పుస్తకంగా వేసి అమ్ముకోవచ్చు కూడా, కానీ మార్చి వేసినదాన్ని మళ్ళీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

ఫాంట్లకి జీపీఎల్ కంటే అమరిన లైసెన్సు ఇంకోటుంది. ఫాంటుని డాక్యుమెంట్ లోపలే ఇరికించి పంపిస్తాం గదా. అప్పుడు ఆ డాక్యుమెంట్ కూడా జీపీఎల్ కిందకి వస్తుందా అని పెద్ద అనుమానం వచ్చింది. అందుకని జీపీఎల్ ఫాంట్లకి ప్రత్యేకంగా ఒక మినహాయింపు రాయాల్సొచ్చింది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఆ గొడవ లేకుండా రాశారు. ఫాంటు మార్చితే అదే లైసెన్సు కింద ఇవ్వు, ఒంటరిగా ఫాంటు ఒక్కదాన్నే అమ్మకు, దాంతో రాసిన డాక్యుమెంట్ మాత్రం నీ ఇష్టం అని. సిలికానాంధ్ర అనే సంస్థ వాళ్ళు తెచ్చిన మండలి, గురజాడ, గిడుగు, సురవరం, ధూర్జటి లాంటి ఫాంట్లన్నీ ఆ లైసెన్సు కిందే వచ్చాయి. ఇప్పుడు శుభలేఖ వేసే కుర్రాడు ఎవరి అనుమతీ అడగకుండా, డాంగిల్ గుచ్చకుండా సురవరంలో 'శ్రీ' కొడుతున్నాడు. పక్క షాపువాడికి పంపిస్తున్నాడు కూడా. నాకు అది చూస్తే ఎంత సంతోషంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

సరే, పెద్దోడా, నీ ప్రోగ్రాం సంగతి.

జీపీఎల్ మూడో కూర్పు పెట్టు. పెట్టేటప్పుడు 'లేదా ఆ తర్వాత వచ్చే కూర్పు' అన్న మాట కూడా చేర్చు. రేపు ఏ చట్టం ఎట్టా మారుతుందో మనకి తెలియదు. లినక్స్ వాళ్ళు రెండో కూర్పు దగ్గరే ఆగిపోయారు. ఇవాళ మూడుకి మారదామన్నా వేలమంది రాసినవాళ్ళందరూ ఒప్పుకోవాలి. ఆ ఇరకాటం నీకొద్దు.

కంపెనీలు ముట్టుకోవంటావా? కొన్ని ముట్టుకోవు, నిజమే. నీ ప్రోగ్రాంని అవి తమ మూసిన సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోలేవు. అదే గదా నాకు కావాల్సింది. తెలుగు స్థానాల పట్టిక వ్యాపార రహస్యం అన్నవాళ్ళకి మనం కూర్చిన పట్టికని మళ్ళీ రహస్యం చేసే హక్కు ఎందుకివ్వాలి? వాళ్ళూ వాడుకోవచ్చు, అందరిలాగే తెరిచి వాడుకోవాలి. డబ్బు తీసుకోకూడదని కూడా కాదు. చీరాలలో డీటీపీ చేసేవాడు నీ ప్రోగ్రాంతో పాత ఫైళ్ళు మార్చి పేజీకి ఇంతని తీసుకుంటే తీసుకోనీ. తన షాపులో తనకి కావాల్సినట్టు మార్చుకుని ఎవరికీ పంచకపోతే, వాడు ఎవరికీ ఏమీ చూపించక్కర్లేదు. పంచినప్పుడే షరతు. వాడు మార్చిన పుస్తకం మీదా మన లైసెన్సుకి హక్కు లేదు. పుస్తకం దాని రచయితదే.

ఒక్క చోట ఆలోచించుకో. నువ్వు దీన్ని వెబ్‌సైట్‌గా పెడదామంటున్నావు. ఎవరైనా నీ ప్రోగ్రాం తీసుకుని, బాగుచేసి, తమ సర్వర్ మీద నడిపి, జనానికి సేవ మాత్రమే అందిస్తే అది పంచినట్టు కాదు. మార్చినదాని కోడ్ ఇవ్వక్కర్లేదు. ఆ సందు మూయడానికి 2007లోనే అఫెరో జీపీఎల్ మూడో కూర్పు వచ్చింది. నెట్ మీద వాడుకునేవాళ్ళకి కూడా సోర్స్ ఇవ్వాలంటుంది. ఈ రోజుల్లో కంప్యూటర్లో ఎక్కించుకునే వాళ్ళకంటే ఫోనులో సైట్ తెరిచేవాళ్ళే ఎక్కువ గదా. నీది అచ్చంగా వెబ్ పని అయితే అఫెరోనే పెట్టు. నాకు అదే సబబనిపిస్తోంది.

సందర్భాన్ని బట్టి మినహాయింపులూ ఉంటాయి, అది నేను కాదనను. ఆగ్ వోర్బిస్ అనే పాటల ఫార్మాట్ విషయంలో షరతుల్లేని లైసెన్సు పెట్టడం మంచిదే అని స్టాల్‌మన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఎందుకంటే అప్పట్లో పేటెంట్ల కింద ఉన్న ఎంపీ3ని పక్కకు నెట్టాలంటే మూసిన పరికరాలు చేసేవాళ్ళు కూడా దాన్ని వాడాలి. మన దాంట్లో అట్టాంటి పోటీ లేదు. ఇక్కడ విలువైంది దిద్దుబాటు. మా ప్రెస్సు పట్టిక మా ప్రెస్సుకే సరిపోతుంది. ఒంగోలులో, నరసరావుపేటలో, విజయవాడలో ఒక్కోచోట ఒక్కో కూర్పు వాడారు. అక్కడివాడు పట్టికలో నాలుగు ఒత్తులు సరిచేస్తే ఆ నాలుగు ఒత్తులూ మనకి తిరిగి కనపడాలి. ఎంఐటీ పెడితే వాడు ఇస్తే ఇస్తాడు. జీపీఎల్ పెడితే వాడు ఆ ప్రోగ్రాంని ఎవరికి పంచినా ఆ నాలుగు ఒత్తులూ దాంతో పాటే తెరిచి వస్తాయి.

అసలు పని ఇంకోటి మిగిలుంది, అది లైసెన్సు ఫైలు పెట్టేముందే చేయాలి. ప్రోగ్రాం నువ్వు రాశావు, కాబట్టి దాని హక్కు నీది. పట్టిక ముగ్గురం తయారుచేశాం, దాని హక్కు ముగ్గురిదీ. మా పేరు మీద నువ్వు లైసెన్సు ఇచ్చేయడానికి వీల్లేదు. నా ఒప్పుకోలు ఈ రాత్రే కాగితం మీద రాసిస్తా. రెండో ఆయన వేటపాలెంలో ఉన్నాడు, చూపు ఆనదు. నువ్వే పోయి జీపీఎల్ అంటే ఏంటో తెలుగులో చదివి వినిపించు. అర్థమైందా, ఎవరైనా మీ పట్టిక తీసుకుని డబ్బు సంపాదించుకున్నా మీకు సమ్మతమేనా అని సూటిగా అడుగు. ఒప్పుకుంటేనే ఫైలులో పేరు రాయి. మూడో ఆయన పోయిన ఏడు కాలం చేశాడు. ఆయన హక్కు ఆయన పిల్లలకి వస్తుంది, మా ముగ్గురిలో చివరివాడు పోయాక 60 ఏళ్ళ దాకా. కూతురు ఇంకొల్లులో ఉంటుంది, కొడుకు హైదరాబాద్‌లో. కొడుక్కి ఫోను చేద్దాం. ఆ అమ్మాయి దగ్గరికి మాత్రం నేనూ వస్తా, వాళ్ళ నాన్న ఏ ఒత్తు ఎట్టా గుర్తుపట్టాడో ఆమెకి చెప్పాలి. ఆదివారానికి ఈ కాయలు ఎండుతాయి. యార్డుకి వేసి, అటునుంచి అటే ఇంకొల్లు పోదాం.